చక్రం మూత కింద పసుపు

నా పేరు ఢిల్లీబాబు. తమిళనాడు సరిహద్దు అవతల ఉన్న కార్ల ఫ్యాక్టరీకి తిరుపతి నుంచి పనివాళ్ళను తీసుకెళ్ళే బస్సు నాది. నాది అంటే స్టీరింగు నాది, బస్సు కాంట్రాక్టరుది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా రూటులో అందరికీ తెలుసు. ఒకసారి ఒకడు కిటికీలోంచి బయటికి ఉమ్మితే పుత్తూరు దగ్గర దించేసి వచ్చాను. అందుకే నా బస్సులో ఎవరూ నాతో పెట్టుకోరు, ఒక్క లోకేశ్వరి తప్ప. ఆమె ఎక్కగానే సరిగ్గా నా వెనక సీట్లో కూర్చుని, మలుపు తిరిగిన ప్రతిసారీ ఏదో ఒకటి అనేది. వెనక ఉన్నవి బస్తాలు కావు, మనుషులు అనేది. నీకు లైసెన్సు ఇచ్చినాయన ఎవరో చెప్పు, పోయి దండం పెట్టి వస్తాను అనేది. పైకి గయ్యిమనేవాణ్ణి గానీ, ఆమె సెలవు పెట్టిన రోజు నాకు బస్సు నడిపినట్టే ఉండేది కాదు.

వాళ్ళది కార్వేటినగరం. నాయన మునిరామయ్య మామిడికాయల లారీలకు లోడు ఎత్తేవాడు. తల్లి ముందే పోయింది, ఒకరోజు లోడు ఎత్తుతూ ఎత్తుతూనే ఆయనా కూలిపోయాడు. అప్పటికి లోకేశ్వరి ఇంటర్ చదువుతోంది, తమ్ముడు మునికుమార్ ఇంకా నిక్కర్లు వేసుకునే వయసు. బంధువులు తలా ఒకరిని పంచుకుంటామన్నారట. పంచుకోడానికి మేమేమైనా పాత్రసామాన్లమా అని వాళ్ళ ముఖం మీదే అడిగి, తమ్ముణ్ణి తీసుకుని తిరుపతి వచ్చేసింది. కొర్లగుంటలో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక్క గోడే. మొదట శ్రీ సిటీలో ఫోన్లు తయారుచేసే చోట చేసింది, తర్వాత కాంట్రాక్టరు ద్వారా కార్ల ఫ్యాక్టరీకి మారింది. పెళ్ళి మాట ఎత్తితే చాలు, వాడు ఒక దారిలో పడనీ అనేది. వాడు పెద్దవాడై, పరాయివాళ్ళ కార్లు నడుపుతూ కొండకు బాడుగలు తిప్పుతుంటే, వాడికి సొంత కారు కొనిపెట్టాలన్నది ఒక్కటే ఆమె పట్టుదల.

ఆమె పని ఏమిటో చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. కారు చక్రానికి ఐదు నట్లు. లోకేశ్వరి వాటిని చేత్తో ఎక్కించి, నట్లు తిప్పే చిన్న కరెంటు గన్నుతో ఒక పట్టు పట్టించేది. అది పట్టు మాత్రమే, బిగింపు కాదు. కారు ముందుకు జరిగాక తర్వాతి చోట బాలచంద్ర అనే అతను పెద్ద గన్నుతో అసలు బిగింపు బిగించి, ఒక్కో నట్టు మీద పసుపు రంగు పెయింటు చుక్క పెట్టేవాడు. చుక్క ఉందంటే బిగించినట్టు, లేదంటే లేనట్టు. చివర్లో స్టెల్లా ఆ చుక్కలు చూసుకుని, చక్రానికి మూత వేయించి, సంతకం పెట్టి పంపేది. స్టెల్లాది పాకాల, మన బస్సే. లోకేశ్వరీ ఆమే ఒకే డబ్బాలో అన్నం తినేంత స్నేహితులు.

ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆయుధపూజ రోజు మర బిగించే మెషీను అయినా, కూరగాయలు తరిగే కత్తి అయినా పని చేయకూడదు, పూజ అందుకోవాలి. ఫ్యాక్టరీలో మధ్యాహ్నానికే లైను ఆపేశారు. ఎక్కడి కారు అక్కడ నిలబడిపోయింది. కరెంటు తీసేసి, గన్నుల వైర్లు విప్పి, తుడిచి, బొట్లు పెట్టారు. అరటి పిలకలు కట్టారు, గుమ్మడికాయ కొట్టారు, బొరుగులూ గుగ్గిళ్ళూ పంచారు. పూజకు రాని వాళ్ళను ముందే ఇంటికి పంపేశారు. స్టెల్లా అలా వెళ్ళిపోయింది, బాలచంద్ర కూడా ఊరికి పోవాలని ముందే బయలుదేరాడు. నేను నా బస్సుకు పూజ చేయించి, ప్రసాదం పొట్లం పట్టుకుని లైను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

అప్పుడు చూడాలి లోకేశ్వరి ముఖం. ఆమె పనిచేసే చోటు దాటి, పెద్ద గన్ను దగ్గరికి ఇంకా చేరని ఒక తెల్ల కారు అద్దం మీద కాగితం అంటించి ఉంది. మా వాళ్ళెవరైనా ఫ్యాక్టరీ ద్వారా కారు బుక్ చేసుకుంటే దాని మీద పేరు అంటిస్తారు. ఆ కాగితం మీద మునికుమార్ పేరు ఉంది. తమ్ముడి కారు తన చేతుల మీదుగా పోతోంది, అదీ పూజ రోజున. ఆమె పూజ పళ్ళెం తీసుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. అంతలో మా లైను మేనేజరు చక్రధర్ అడ్డం పడి, కార్లకు కుంకుమ పెట్టొద్దన్నాడు. ఎర్ర గుర్తు పడితే మన దగ్గర అది పనికిరాని సరుకు కింద లెక్క, రేపు ఎవడైనా పక్కన పెట్టేస్తాడు, పసుపుతో సరిపెట్టుకోండి అన్నాడు. ఆయన అన్నదీ నిజమే.

సరే అని ఆమె గంధం కలిపిన పసుపు వేలితో తీసుకుని, చక్రం చక్రానికీ వంగి, ఒక్కో నట్టు మీద ఒక్కో బొట్టు పెట్టింది. అలా నాలుగు చక్రాలకూ పెట్టింది. నీ తమ్ముడి కారుకేనా, మిగతావి అనాథలా అని ఎవరో నవ్వారు. నవ్వనీలే అని ఆ కారుకు ముందూ వెనకా, పెద్ద గన్ను దాకా పోకుండా నిలబడి ఉన్న నాలుగు కార్లకు కూడా పెట్టింది. చిన్నప్పుడు పసుపు కుంకుమలు అమ్ముకునే ముసలామె దగ్గర నేర్చుకున్నదట, పసుపులో గంధం కలిపితే రాలకుండా పట్టుకుంటుందని. నేను గుగ్గిళ్ళు నములుతూ, బాగుందమ్మా అన్నాను.

మర్నాడు సెలవు. ఆ తర్వాత లైను కదిలింది, కార్లు వెళ్ళిపోయాయి, దీపావళికి మునికుమార్ కారు కొర్లగుంటకు వచ్చింది. అది వచ్చిన రోజు ఆ సందులో నిలబెట్టడానికి చోటు లేక మా ఇంటి మెట్లు కొంచెం కొట్టించాల్సి వచ్చింది. నేను తిట్టాను, కొట్టించింది కూడా నేనే. మునికుమార్‌ను చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కారును రోజూ పిల్లాడికి స్నానం చేయించినట్టు కడిగేవాడు. లోకేశ్వరి వాడి చేత ఒట్టు వేయించుకుంది. ఘాట్ రోడ్డు మీద ఉన్నప్పుడు ఎవరు ఫోన్ చేసినా, ఆఖరికి తను చేసినా సరే, ఎత్తకూడదని. వాడు ఆ మాట తప్పలేదు.

కార్తీకమాసంలో పిడుగు పడింది. రాణిపేట దగ్గర మా ఫ్యాక్టరీ కారు ఒకటి పోతూ పోతూ ముందు చక్రం ఊడి, రోడ్డు మధ్యలో ఉన్న దిమ్మెను గుద్దింది. ఒక పెద్దాయన చెయ్యి విరిగింది, ప్రాణం మాత్రం దక్కింది. ఆ చక్రం దొరికింది గానీ నట్లు దొరకలేదు. రెండు రోజుల్లో ఇంకో కారు చక్రం ఊగుతోందని ఇంకెక్కడి నుంచో కబురు వచ్చింది. అంతే, లైను ఆపేశారు. ఆ నెలలో అమ్మిన కార్లన్నిటినీ చక్రాల పరీక్షకు తీసుకురమ్మని కొన్నవాళ్ళ ఫోన్లకు సందేశాలు పోయాయి. ఎందుకు ఊడిందో తెలిసేదాకా కొత్త కారు ఒక్కటీ బయటికి పోకూడదని పైనుంచి ఆర్డరు వచ్చింది. పూజ రోజు కరెంటు తీసేసినప్పుడు పెద్ద గన్ను కంప్యూటరు ఆ పూట వివరాలన్నీ మరిచిపోయింది. దాంతో ఏ కారు బిగించారో ఏది బిగించలేదో చెప్పే దిక్కు లేదు.

పనివాళ్ళందరినీ ఇంటికి పొమ్మన్నారు. నా బస్సు షెడ్డులో నిలబడిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు ఎక్కడో జరిగితే కడుపు మాడేది మాకా అని కాంట్రాక్టరును పట్టుకుని తిట్టాను. తిట్టి ఏం లాభం, ఆయనకీ ఏమీ తెలియదు. నట్లు నాసిరకమని ఒకడు, స్టీలు మంచిది కాదని ఒకడు, ఎవరో కావాలని చేశారని ఇంకొకడు. చివరికి సంతకం పెట్టింది ఎవరు అని చూస్తే స్టెల్లా. విచారణ అయ్యేదాకా రావద్దని ఆమెను గేటు బయట నిలబెట్టి పంపేశారు. బాలచంద్రను కూడా పిలిచి అడిగితే, సెలవు తర్వాత వచ్చేసరికి కొన్ని కార్లకు చుక్కలు ముందే ఉన్నాయి, లైను ఆపకముందు నేనే పెట్టి ఉంటాను అనుకుని వదిలేశానన్నాడు. ఎవడు నమ్ముతాడు ఆ మాట, తప్పించుకోడానికి చెప్తున్నాడని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

ఇంట్లో కూర్చున్న లోకేశ్వరికి తమ్ముడి బెంగే. కారు పరీక్షకు తీసుకెళ్ళేదాకా వాడి ప్రాణం తీసింది. వాడు తీసుకెళ్ళి, ఆ సాయంత్రమే నవ్వుతూ వచ్చాడు. సర్వీసు సెంటరులో చక్రాల మూతలు తీసి చూశారట. చుక్క లేనివాటిని బిగించి పంపమని వాళ్ళకు వచ్చిన ఆర్డరు. "అన్నిటికీ సుక్క ఉండాదక్కా. మీ కారు బెమ్మాండంగా ఉండాది పో అన్నారు" అని చెప్పాడు. లోకేశ్వరి ఆ పూట ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నది. నేను కూడా ప్రశాంతంగా పడుకున్నాను.

మరుసటి వారం ఒక పొద్దున స్టెల్లా పాకాల నుంచి రైల్లో వచ్చింది. మునికుమార్ తెల్లారకముందే మదనపల్లె వాళ్ళ కుటుంబాన్ని ఎక్కించుకుని కొండకు వెళ్ళాడు. నేను పనీపాటా లేక లోకేశ్వరి వాకిట్లో కూర్చుని పేపరు చదువుతున్నాను. స్టెల్లా ముఖం పీక్కుపోయి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. తన మీద పోలీసు కేసు పెడతారట, లాయరు దగ్గరికి పోవాలి, కూడా రా అని అడగడానికి వచ్చింది. అడుగుతూ అడుగుతూ ఏడ్చేసింది.

"దేవుడు సూస్తా ఉండాడు లోకా, నేను సూడకుండా సంతకం పెట్టలే. అన్ని నట్లకీ సుక్క ఉండె. నాలుగైదు కార్లకైతే వేలితో మెత్తినట్టు ఇంతింత మందాన ఉండె. బాలచంద్ర పెయింటు ఎక్కువ పోసినాడేమో అనుకుంటి."

లోకేశ్వరి చేతిలో చెంబు ఉంది. స్టెల్లాకు నీళ్ళు ఇవ్వబోతూ అలాగే ఆగిపోయింది. ఆమె రంగు ఎలా పోయిందో నేను చూశాను. ఒక్క క్షణం నాకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత పళ్ళెం, వంగిన నడుము, వేలి కొసన పసుపు, గుగ్గిళ్ళు, బాగుందమ్మా అన్న నా మాట, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చాయి. పూజ అప్పుడు అక్కడ లేదు కాబట్టి స్టెల్లాకు ఆ సంగతి తెలియదు. సెలవు తర్వాత వచ్చిన బాలచంద్ర బొట్టును చూసి చుక్క అనుకున్నాడు. స్టెల్లా కూడా అలాగే అనుకుని మూత వేయించింది. మొన్న సర్వీసు సెంటరు వాళ్ళు మూత తీసి చూసి కూడా అదే అనుకున్నారు. చిన్న గన్ను పట్టించిన పట్టుతోనే ఆ కారు ఇన్ని రోజులుగా కొండ ఎక్కి దిగుతోంది.

చెంబు కింద పడేసి లోకేశ్వరి ఫోన్ తీసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగింది. ఎత్తొద్దని ఒట్టు వేయించుకున్నది ఆమే.

"అన్నా, బండి తీయి" అంది. స్టెల్లాను అక్కడే ఉండమని, నా మోటారు సైకిలు తీశాను.

కొర్లగుంట నుంచి అలిపిరికి దారి ఎంతని. కానీ ఆ పొద్దున లీలామహల్ సర్కిల్ దగ్గర యాత్రికుల బస్సులు అడ్డం తిరిగి, మనిషి దూరే సందు కూడా లేదు. నేను హారను కొట్టాను, అరిచాను, నోటికి వచ్చిన మాటలన్నీ అన్నాను. ఒక ఆటోవాడు నన్ను కొట్టడానికి కూడా దిగాడు. వెనక కూర్చున్న లోకేశ్వరి మాత్రం నా భుజం పట్టుకుని ఒక్క మాట అనలేదు. రోజూ నా బ్రేకు మీద, నా గేరు మీద వంక పెట్టే మనిషి. ఆ మౌనమే నన్ను ఎక్కువ భయపెట్టింది. కపిలతీర్థం దాటాక బండిని ఎంత వేగంగా తోలానో నాకే తెలియదు.

కొండ మీద నుంచి దిగే బండ్లన్నీ అలిపిరి దగ్గరే బయటికి వస్తాయి. అక్కడ గేటు దగ్గర ఉన్న ఉద్యోగికి చెప్పాము. మొదట ఆయన మమ్మల్ని పిచ్చివాళ్ళలాగా చూశాడు. నట్లేమిటి, పసుపేమిటి అన్నాడు. లోకేశ్వరి చేతులు జోడించి, చక్రం ఊడిపోతుంది సార్ అన్నది ఒక్కటే అర్థమైంది ఆయనకు. వెంటనే పైన గేటుకు ఫోన్ చేశాడు. మంచి మనిషి, ఆయన పేరు అడగడం కూడా మరిచిపోయాను. పైనుంచి జవాబు వచ్చింది. ఆ నంబరు కారు దర్శనం చేసుకున్న వాళ్ళను ఎక్కించుకుని అప్పటికే దిగుడు దారి పట్టింది.

పైనున్న జీపును వెనకాలే పంపిస్తున్నామన్నారు. కానీ ముందు బస్సుల వరస ఉంది, ఘాట్ మీద దాటడానికి వీల్లేదు. కింద నుంచి మేము ఎదురు వెళ్ళలేము, అది దిగే దారి మాత్రమే. ఎవరో ఒకరు ఆపేదాకా వాడు దిగుతూనే ఉంటాడు, మలుపు తర్వాత మలుపు, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. నేను బస్సు డ్రైవరును. దిగుడులో మలుపు తిప్పినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి ఎలా వస్తుందో నాకు తెలుసు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమెకూ తెలుసు, నట్లు ఎక్కించే మనిషి.

కార్లు దిగుతున్నాయి. తెల్లకారు కనిపించిన ప్రతిసారీ ఆమె రోడ్డు మీదికి వెళ్ళేది, నంబరు చూసి వెనక్కి వచ్చేది. కొండకు తిరిగే కార్లలో తెల్లవి కానివి ఎన్ని ఉంటాయి. దిగి వచ్చిన ప్రతి డ్రైవరునూ ఆపి అడిగాను. ఒకడు మునికుమార్‌ను ఎరుగుదునన్నాడు. జింకల పార్కు దగ్గర పక్కకు ఆపి ఉన్నాడు, మనుషులు కిందికి దిగి ఉన్నారు, ఏమైందో అడగలేదు అన్నాడు. లోకేశ్వరి నేల మీద కూలబడింది. నేను ఆ డ్రైవరును, ఏమైందో అడక్కుండా ఎలా వచ్చావురా మనిషివేనా అని గొంతు చించుకున్నాను. వాడు బిత్తరపోయి వెళ్ళిపోయాడు.

అప్పుడు ఆమె మళ్ళీ ఫోన్ తీసింది. తమ్ముడికి అనుకున్నాను. కాదు, చక్రధర్ పేరు వెతుకుతోంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఈ మాట ఒకసారి బయటికి పోతే ఏమవుతుందో నాకు తెలుసు. స్టెల్లా మీద పెట్టాల్సిన కేసు ఈమె మీద పెడతారు. పేపర్లో ఫొటో పడుతుంది. మొత్తం ఫ్యాక్టరీ ఆపేసిన మనిషి అంటారు.

"ముందు పిల్లోణ్ణి రానీమ్మా. ఏం చెప్పల్లో తర్వాత ఆలోచన చేద్దాం" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మాత్రం మామూలుగా ఉంది.

"ఇంకా నాలుగు కార్లకు పెట్టినానన్నా. సూసినోళ్ళంతా బాగుండాది పో అని పంపేస్తా ఉంటారు. వాళ్ళ కోసరం ఈడ నిలబడేదానికి ఎవురుండారు?"

నేను చెయ్యి తీసేశాను. చక్రధర్ ఎత్తాడు. ఆమె ఉపోద్ఘాతం ఏమీ పెట్టలేదు. "సార్, ఆ సుక్కలు పెయింటు కాదు. పూజనాడు నేను పెట్టిన పసుపు" అంది. ఆయన కుంకుమ వద్దన్న సంగతి ఆయనకూ గుర్తుకు వచ్చి ఉంటుంది. తర్వాత ఏ కార్లు అని అడిగాడు. ఆమె కళ్ళు మూసుకుని, ఆ రోజు లైను మీద నిలబడిన వరస చెప్పింది. తెల్లది తమ్ముడిది, దానికి ముందు బూడిద రంగుది, దానికి ముందు ఎర్రది, వెనక రెండూ తెల్లవే, ఒకదానికి పైన సామాను కమ్మీలు ఉన్నాయి. ఆ ఎర్రదే రాణిపేట దగ్గర గుద్దుకున్న కారు. ఆయన అటు నుంచి ఎవరికో అరుస్తూ చెప్పడం వినిపించింది. ఫోన్ పెట్టేశాక ఆమె మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది.

అంబులెన్సు ఒకటి కూత పెట్టుకుంటూ ఎక్కే దారిలో పైకి పోయింది. గేటు దగ్గర ఉద్యోగి, అది మామూలుగా పోయేదేనమ్మా అన్నాడు. నిజంగానే అన్నాడో, మా కోసం అన్నాడో తెలియదు. లోకేశ్వరి పెదవులు కదులుతున్నాయి. మొక్కుతోంది అనుకున్నాను. దగ్గరికి వెళితే వినిపించింది, తమ్ముడి పేరు తప్ప ఇంకేమీ లేదు. నలభై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి, ఎన్నో చూశాను, అలాంటి ఎదురుచూపు ఎప్పుడూ ఎరగను.

చివరి మలుపులో ఒక తెల్లకారు కనిపించింది. మెల్లగా వస్తోంది. వెనక కిటికీలోంచి ఒక పసిబిడ్డ గుండు, గంధం పూసిన గుండు, బయటికి పెట్టి చూస్తోంది. అద్దం వెనక మునికుమార్. లోకేశ్వరి రోడ్డు మధ్యలోకి వెళ్ళి రెండు చేతులూ చాచి నిలబడింది. నేను అరిచాను, వాడు బ్రేకు తొక్కాడు, ఆ తొక్కడంలో ముందు ఎడమ చక్రం దగ్గర కటకటమని ఒక శబ్దం వచ్చింది. కారు ఆమెకు అడుగు దూరంలో ఆగింది.

వాడు గాబరాగా దిగి, ఏమైందక్కా, బిడ్డ వాంతి చేసుకుంటే పార్కు దగ్గర ఆపినాను, అందుకే లేటయింది అంటున్నాడు. ఆమె ఎడమ చక్రం ముందు కూర్చుని, వేళ్ళు దూర్చి మూత పెరికింది. మూత వెనకాలే ఒక నట్టు టక్కుమని రోడ్డు మీద పడి దొర్లింది. మూతే దాన్ని పట్టుకుని ఉన్నదన్నమాట. ఇంకో నట్టును ఆమె రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పితే కొళాయి తిరిగినట్టు తిరిగింది. మిగిలిన మూడింటి మీద పసుపు పెచ్చు కట్టి, పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

మదనపల్లె వాళ్ళు బిడ్డను ఎత్తుకుని కారు దిగి పక్కన నిలబడ్డారు. వాళ్ళలోని ముసలావిడ దొర్లిన నట్టును తీసి కళ్ళకు అద్దుకుని నా చేతిలో పెట్టింది. వాళ్ళను ఇంకో కారు ఎక్కించి పంపాము. నేను కారు డిక్కీలోంచి పానా తీసి, ఉన్న నట్లు బిగించాను. పానా రెండుసార్లు జారింది. బిగిస్తూ లోకేశ్వరినీ, మునికుమార్‌నూ, చక్రధర్‌నూ, ఆ ఫ్యాక్టరీనీ, నన్నూ కలిపి తిట్టాను.

ఇంతలో చక్రధర్ ఫోన్ చేశాడు. మిగిలిన కార్ల వాళ్ళందరూ దొరికారు. చక్రం ఊగుతోందని ముందే కబురు వచ్చిన బూడిద రంగుది చిత్తూరులో ఒక డాక్టరు ఇంటి ముందే ఉంది. తెల్లవి రెండూ వేలూరు అవతల రోడ్డు మీద ఉంటే ఫోన్ చేసి ఆపించారు. కారణం దొరికింది కాబట్టి లైను మళ్ళీ మొదలవుతుంది, స్టెల్లా మీద కేసు ఉండదు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నువ్వు మాత్రం ఇక గేటు దగ్గరికి రావద్దమ్మా, నా చేతుల్లో లేదు అన్నాడు. ఆమె సరే సార్ అంది. స్టెల్లా సంగతి మాత్రం రెండోసారి అడిగి తెలుసుకుంది.

మునికుమార్ కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. విషయం మొత్తం వాడికి అప్పుడే బుర్రకెక్కింది. వాడు వంగి చక్రం మీది పసుపును వేలితో తాకాడు.

"సర్వీసు సెంటర్లో ఆ మెకానిక్కు మంచోడక్కా. సుక్క ఉన్నా సరే, ఎందుకైనా మంచిది, ఒకసారి పానా పెట్టి సూస్తానన్నాడు. నేనే వద్దంటి. మా యక్క సేత్తో పెట్టిన పసుపు సెదిరిపోతాదని మనసులో అనుకుంటి."

ప్రతి పండక్కీ గడప మీద ఆమె పెట్టే బొట్టు చూస్తూ పెరిగినవాడు, పసుపుని చూసిన వెంటనే అది అక్క పెట్టిందని గుర్తుపట్టాడు. మూత తీసి చూసినవాళ్ళలో వాడొక్కడికే అది పెయింటు కాదని తెలుసు. అయినా వాడికి అది పెయింటు కంటే గట్టి బిగింపు.

లోకేశ్వరి చెయ్యి పైకి లేచింది, కొడుతుందనే అనుకున్నాను. కొట్టలేదు. కారులో ఉన్న నీళ్ళ సీసా తీసుకుని, చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చున్నీ కొంగు తడిపి ఒక్కో నట్టు మీద పసుపు రుద్ది కడగడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళుగా ఆమె ఏడవడం నేను చూడలేదు. ఇప్పుడు పెద్దగా, వచ్చేపోయే యాత్రికులు ఆగి చూస్తున్నా పట్టించుకోకుండా ఏడుస్తూ కడిగింది. తమ్ముడు పక్కన కూర్చుని, అక్కా చాల్లే, అక్కా చాల్లే అంటున్నాడు. నీళ్ళు అయిపోతే నేను ఇంకో సీసా తెచ్చి ఇచ్చాను. నాలుగు చక్రాలూ అయ్యేదాకా ఆమె లేవలేదు.